కొమురక్క ఇచ్చిన పద్నాలుగు మాటలు

మా అక్క తల మీద ఆ టోపీ పెట్టిన మొదటి రోజున నేను చప్పట్లు కొట్టాను. ముందు ఆ తప్పు ఒప్పుకుంటాను, తర్వాత మిగతాది చెబుతాను.

అక్క పేరు కొమురమ్మ. యూనివర్సిటీ గణిత విభాగంలో కాంట్రాక్టు స్వీపరు. పంతొమ్మిదేళ్లుగా అదే వరండా, అదే చీపురు, మారేది కాంట్రాక్టర్లే. నేను లింగయ్యను. బస్టాండు వెనక ఆటోలకు వైరింగు చేస్తాను, మిగిలిన టైములో కాంట్రాక్టు కార్మికుల సంఘానికి కార్యదర్శిని. ఇద్దరం బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత చదివిందంతా ఆ విభాగం చెత్తబుట్టల్లోంచి వచ్చింది. పారేసిన నోట్సు, దిద్దేసిన జవాబు పత్రాలు, అట్టలూడిన డిగ్రీ పుస్తకాలు అక్క సంచిలో వేసుకొచ్చేది. తెలియని మాట కనబడితే దాన్ని వదిలేది కాదు. సగటు, మధ్యగతం, బాహుళకం, సంభావ్యత, విపర్యయం, ప్రత్యుదాహరణ. ఒక్కో మాట మీద నెలలు కూర్చునేది. పాఠం జరుగుతుంటే కిటికీ పక్క వరండాను కావాలని ఆలస్యంగా తుడిచేది. అందుకు రెండు మెమోలు కూడా వచ్చాయి.

సంభావ్యతను చింతగింజలతో పట్టింది. అష్టాచెమ్మ ఆడటానికి రెండు గింజలు పగలగొడితే నాలుగు బద్దలు. ఒక్కో బద్దకు నల్ల ముఖం, తెల్ల ముఖం. నాలుగూ కలిపి పదహారు రకాలుగా పడొచ్చు, అందులో నాలుగూ నల్లగా పడేది ఒక్కటే రకం, అదే ఎనిమిది. సమంగా పడే బద్దలు ఏరడానికే మూడు నెలలు పట్టింది. తర్వాత మూడు వేల సార్లు వేసి, బొగ్గుతో గోడ మీద గీతలు గీసింది. చాలాసేపుగా ఎనిమిది పడలేదు కాబట్టి ఇప్పుడు పడుతుందని నేను పందెం కట్టబోతే చేయి పట్టుకుని ఆపింది.

"గింజలకు యాది ఉండదు తమ్మీ. పోయినసారి ఏం పడ్డదో వాటికి ఎవరు జెప్పాలె?"

నేను సంభావ్యత నేర్చుకుంది ఆ ఒక్క మాటతో. మీటింగుల్లో కూడా వాడాను.

ఇక టోపీ సంగతి. విభాగంలో నళినాక్షి మేడం అని ఒక ప్రొఫెసరు. ఆమె పద్నాలుగేళ్లు కష్టపడి ఒక యంత్రం తయారుచేసింది. ఒక మాట మనకు నిజంగా అర్థమై, దాన్ని వాడుతున్నప్పుడు మెదడులో ఒక తీరు కదలిక ఉంటుందట. ఉప్పునీళ్లతో తడిపిన గుడ్డలు అతికించిన టోపీ ఒకరి తల మీద పెట్టి ఆ కదలికను పడతారు, పక్క కుర్చీలో ఉన్నవాళ్ల తలలో దాన్ని మొలిపిస్తారు. మాటకు పదకొండు నిమిషాలు. ఇచ్చేవాళ్లను దాత అంటారు. మొదట ప్రొఫెసర్లనే కూర్చోబెట్టారు. పిల్లలకు తలనొప్పి తప్ప ఏమీ దిగలేదు. ఒక కుర్రాడికి ఆ సారు గొంతు సవరించుకునే అలవాటు వచ్చిందిగాని లెక్క రాలేదు. వాళ్ల తలల్లో మాట చుట్టూ గుర్తులూ సూత్రాలూ చిక్కుపడి ఉన్నాయట. అప్పుడొకరోజు మేడం ల్యాబులో నేల తుడుస్తున్న అక్క, బోర్డు మీద ఎవరో చేసిన లెక్క తప్పని చెప్పింది. ఎందుకు తప్పో కూడా చెప్పింది, బకెట్టూ చెంబూ చూపించి. మేడం ఆ సాయంత్రమే అక్క తలకు టోపీ పెట్టింది.

మొదటి గ్రహీత తబస్సుం అనే డిగ్రీ అమ్మాయి. సాంఖ్యక శాస్త్రంలో మూడుసార్లు తప్పింది, నాలుగోసారి తప్పితే సీటు పోతుంది. పదకొండు నిమిషాల తర్వాత కళ్లు తెరిచి, తెల్లకాగితం తీసుకుని, ప్రశ్నపత్రంలో సంభావ్యత లెక్కలన్నీ వరసగా చేసేసింది. చేస్తూ ఏడ్చింది. నేను చప్పట్లు కొట్టింది అప్పుడే. ఊడ్చేదాని తలలోంచి చదువు తీసి కాలేజీ పిల్లలకు పెడుతున్నారంటే ఎట్లా కొట్టను? యూనియన్ బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను కూడా.

ఐదు నెలల్లో అక్క పద్నాలుగు మాటలు ఇచ్చింది. ఒక్కో మాట నలభై మందికి. అక్కను చూసి మేడం ఇంకో పద్దెనిమిది మంది దాతలను కూడా వెతికి కూర్చోబెట్టింది.

మొదట అనుమానం వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇద్దరం గడప దగ్గర అష్టాచెమ్మ వేస్తున్నాం. అక్కకు చాలాసేపుగా ఎనిమిది పడలేదు. గింజలు గుప్పిట్లో గలగలలాడిస్తూ, ఇంతసేపు పడలేదు కాబట్టి ఈసారి ఖాయంగా పడుతుందని అంది. నేను నవ్వి, గింజలకు యాది ఉండదు గదా అన్నాను. అక్క నన్ను వింతగా చూసింది. ఏమంటున్నావని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

పని అలసట అనుకున్నాను. రెండో దెబ్బకు ఆ సాకు కూడా పోయింది.

ప్రతి ఆర్నెల్లకు కాంట్రాక్టరుతో మా మీటింగు ఉంటుంది. పని భారం తగ్గించమని అడిగితే ఆయన ఎప్పుడూ ఒకే కాగితం చదువుతాడు: లిస్టులో ఇరవై ఒక్క మంది, గదులు ఎనభై నాలుగు, సగటున మనిషికి నాలుగు గదులే, ఏం భారం. ఆ లిస్టులో తొమ్మిది మంది సూపర్‌వైజర్లు. ఆయన బామ్మర్దులు, వాళ్ల బామ్మర్దులు. చీపురు పట్టినవాడు ఒక్కడు లేడు. ఊడ్చేది పన్నెండు మంది ఆడవాళ్లు. పోయినసారి అక్క లేచి, సగటు కాదు, వరసలో నడిమి మనిషి ఎన్ని ఊడుస్తుందో ఆ మధ్యగతం చెప్పమని నిలదీస్తే ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈసారి మళ్లీ అదే చదివాడు. మేమందరం అక్క వైపు చూశాం. అక్క నెమ్మదిగా తల ఊపింది.

"నిజమే గదా. నాలుగే అంటున్నరు. అందరం నాలుగే ఊడుస్తున్నమన్నట్టు."

ఆ పొద్దున అక్క ఊడ్చింది ఏడు గదులు. ఆమె నడుము నొప్పికి నూనె రాసింది నేనే. కాంట్రాక్టరు నవ్వి ఆమెకు దండం పెట్టాడు. మా ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. అక్కకు ఎక్కడో ఏదో తప్పిందని తెలుసు, అదేమిటో తెలియదు. దారిపొడవునా చీర కొంగు నలుపుతూ నడిచింది.

మర్నాడు పొద్దున్నే మేడం గది తలుపు కొట్టకుండా లోపలికి పోయాను. మీ టోపీ మా అక్క తల అరగదీస్తున్నదని చెప్పాను. మేడం కసరలేదు. ఆ భయం తనకూ ఉండేదని, అందుకే ప్రతి మాట ఇచ్చాక దాతలకు పరీక్ష పెడుతున్నామని, కొమురమ్మకు పద్నాలుగు మాటల్లోనూ పూర్తి మార్కులు వచ్చాయని ఫైలు తీసి చూపించింది. దస్తూరీ అక్కదే. మొదటి ప్రశ్న: సంభావ్యతను నిర్వచించుము. రెండో ప్రశ్న: మధ్యగతమును నిర్వచించుము. అన్నీ నిర్వచించుములే. జవాబులు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు. ప్రతిదానికీ రెండేసి మార్కులు.

ఆ కాగితాలు చూసి నాకు ఎంత మండిందో చెప్పలేను. ఈ దేశంలో చదువుకున్న మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. ఒక మాట మనిషి దగ్గర ఉందో పోయిందో చూడాలంటే ఆ మాటతో పని చేయించాలి. వీళ్లు అప్పజెప్పమన్నారు. అరిగిపోయింది మాట లోపలి గుజ్జు, మిగిలింది తొక్క. వీళ్లు తొక్కకు మార్కులు వేస్తున్నారు.

"నిర్వచనం నోట్లుంటది మేడం. లెక్క ఇంకెక్కడో ఉంటది. నోరు చూసి సంతకం పెట్టిండ్రు మీరు."

మేడం ముఖం ఎర్రబడింది. పరీక్ష పద్ధతిని ఐదుగురు నిపుణులు ఆమోదించారని, ఒక గింజల ఆటను పట్టుకుని ప్రయోగం ఆపలేనని, శుక్రవారం పెద్ద కమిటీ వస్తున్నదని చెప్పింది. కమిటీ సంతకం పెడితే రాష్ట్రంలో ప్రతి కాలేజీకీ ఒక టోపీ, వెయ్యి మంది దాతలు. ఆ రోజు అక్క ఇవ్వబోయేది పదిహేనో మాట, ప్రత్యుదాహరణ.

ఆ పేరు ఇంకోసారి చెప్పించుకున్నాను. అన్నిటికన్నా ముందు అక్క పట్టుకున్న మాట అది. ఎవడైనా "అందరూ", "ఎప్పుడూ", "ఎక్కడా" అని మాట్లాడితే, అట్లా కానిది ఒక్కటి, ఒకే ఒక్కటి తెచ్చి ముందు పెట్టడం. వెయ్యి ఉదాహరణలు చూపించినా "అందరూ" నిజం కాదు, అడ్డం వచ్చేది ఒక్కటి దొరికితే కూలిపోతుంది. మా సంఘం నడిచేదే దాని మీద. అది కూడా పోతే అక్క ఇక దేనికీ కాదనలేదు.

ఇంట్లో అక్కతో చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. తన తల్లో ఏదో ఖాళీ ఉన్నట్టు తనకూ అనిపిస్తున్నదని ఒప్పుకుంది. కానీ వెళ్తానంది.

"నాకు పందొమ్మిదేండ్లు పట్టింది లింగా. ఆ పిల్లకు పదకొండు నిమిషాలు. నా దగ్గరుండి ఏం జేస్తది, వాళ్లకు పోనీ."

నేను వాదించాను, అరిచాను, అన్నం తినకుండా లేచాను. అక్క మారలేదు. మారడానికి కావలసిన మాటలే ఆమె దగ్గర సగం లేవు. పోయిందెంతో లెక్క వేసుకోవాల్సిన బుర్రలోంచే పోయింది. ఇచ్చేయాలన్న మనసొక్కటే మునుపటిలా ఉంది.

తబస్సుం కోసం హాస్టలుకు వెళ్లాను. సంగతంతా ఆ పిల్లకు చెప్పాను. శుక్రవారం కమిటీకి చూపించడానికి తననే పిలిచారని, తాను అక్కడే ఉంటానని చెప్పింది. నాకు కూడా లోపలికి దారి ఉంది. దాత బంధువు ఒకరు సాక్షి సంతకం పెట్టనిదే రికార్డింగు మొదలుపెట్టకూడదని రూలు. చింతగింజల బద్దలు నాలుగూ జేబులో వేసుకున్నాను.

శుక్రవారం పది గంటలకు ల్యాబు నిండా కుర్చీలు. కమిటీ వాళ్లు ఐదుగురు. గోడ మీద బ్యానరు: మాటకు పదకొండు నిమిషాలు, దాతలెవ్వరికీ ఏ నష్టమూ లేదు. అక్క మంచి చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. టోపీ పెట్టారు. రికార్డింగుకు ముందు దాత ఆ మాటను వాడుతూ మూడు ఉదాహరణలు చెప్పాలి, అప్పుడే కదలిక వేడెక్కి తెర మీద గీత లేస్తుంది.

మేడం మొదటిది ఇచ్చింది. ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే. అక్క వెంటనే "రెండు" అంది. గీత లేచింది. రెండోది కమిటీ పెద్దాయన ఇచ్చాడు. లైబ్రరీలో కూర్చున్నవాళ్లందరూ చదువుకుంటారు. మొన్న మూడో బల్ల దగ్గర గురకపెట్టిన సారును తానే లేపానని అక్క చెప్పింది. అందరూ నవ్వారు, ఒకాయన తప్ప. గీత ఇంకా పైకి లేచింది. మూడోది దాత తనంతట తాను ఎంచుకోవాలి. దానికి ముందు సాక్షి సంతకం. కాగితం నా ముందుకొచ్చింది.

అక్కను ఒక ప్రశ్న అడగనిస్తేనే సంతకం పెడతానన్నాను. పెద్దాయన గడియారం చూసుకుని, సరే తొందరగా కానివ్వమన్నాడు. గింజల బద్దలు అక్క చేతిలో పెట్టాను. ముందు సంభావ్యతను నిర్వచించమన్నాను. గడగడా చెప్పింది, ఒక్క అక్షరం తప్పలేదు. కమిటీ వాళ్లు తలలూపారు.

"పదిహేను సార్లు ఏసిన అక్కా, ఒక్కపారి గూడ ఎనిమిది పడలే. పదహారోపారి పడేది ఎంత?"

"పడ్తది ఇగ," అంది అక్క. "పదహారింట్ల ఒకటి గదా. దాని వంతొచ్చింది."

కమిటీలో ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. మేడం చేతిలో పెన్ను ఆగింది. అప్పుడు తబస్సుం తన కుర్చీలోంచి లేచింది.

"లేదు పెద్దమ్మా. మళ్లీ పదహారింట్ల ఒకటే. గింజలకు యాది ఉండదు."

అక్క అట్లాగే ఆగిపోయింది. ఆ వాక్యం ఎవరిదో ఆమెకు తెలుసు. పూర్తిగా తెలియకపోయినా, తన గోడ మీది బొగ్గుగీతలు ఇంకొకరి ఇంట్లో చూసినట్టు తెలుసు. అరచేతిలో గింజలను చూసింది, తబస్సుంను చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా తల ఎత్తి గోడ మీది బ్యానరు చదివింది. పెదాలు కదిలాయి. దాతలెవ్వరికీ. ఏ నష్టమూ. తెర మీద గీత కొట్టుకుంటూ పైకి పోతున్నది. నేను మధ్యలోకి పోలేదు. అది అక్క ఒక్కతే చేయాల్సిన లెక్క.

"మేడం, మూడోది నేను జెప్పాలె గదా," అంది అక్క. "గోడ మీద రాసింది తీసుకుంటున్న. ఎవ్వరికీ నష్టం లేదన్నరు. ఇది ఈ పిల్లకు ఇచ్చింది నేను. ఈ పిల్లకున్నది, నాకు లేదు. ఎవ్వరికీ అని రాసినంక కాదనేటందుకు ఒక్కళ్లు సాలు." గింజలు ఒడిలో పెట్టుకుంది. "నేనున్న."

గీత తెర పై అంచు దాటి కనబడకుండా పోయింది. అంత పెద్ద కదలిక ఆ యంత్రం ఎన్నడూ పట్టలేదని మేడం తర్వాత నాతో చెప్పింది. రికార్డింగు మీట ఆమె వేలి కిందే ఉంది. నొక్కితే పద్నాలుగేళ్ల కష్టానికి అంతకు మించిన రికార్డు ఇంకోటి దొరకదు. నేను సంతకం పెట్టలేదుగాని, ఆ క్షణంలో ఎవరు చూస్తారు? పెద్దాయన కూడా కానివ్వమన్నట్టు చేయి ఊపాడు.

మేడం మెయిన్ స్విచ్చు ఆపేసింది. ఆమె మీద నాకున్న కోపంలో సగం అక్కడే పోయింది. మిగతా సగం, ఆమె స్టూలెక్కి ఆ బ్యానరును తన చేతులతో విప్పేసినప్పుడు పోయింది.

ఆ వారమంతా దాతలందరికీ కొత్త పరీక్ష పెట్టారు. ఈసారి ప్రశ్నలు నేనూ తబస్సుం కలిసి రాశాం. ఒక్క నిర్వచనం లేదు. పంతొమ్మిది మందిలో పదహారు మందికి మాటలు అరిగాయి. రిపోర్టులో మేడం తప్పు ఎవరి మీదికీ తోయలేదు, పరీక్ష నాది, తప్పు నాది అని రాసింది. కమిటీ వెళ్లిపోయింది, టోపీ బీరువాలోకి పోయింది.

పోయిన మాటలు తిరిగొస్తాయా అని మేడంను అడిగితే తెలియదంది. ఆ తర్వాతి మూడు వారాలు నాకు చెడ్డ రోజులు. అక్క పనికి పోయేది, వచ్చేది, గింజలు ముట్టేది కాదు. మేడం తన పద్ధతిలో కొలిచి చూసి చివరికి ఒక మాట చెప్పింది. తలలో ఆ మాటల దారి చెరిగిపోలేదట. బరువైన లారీలు తిరిగితే మట్టిబాట గుంటలు పడ్డట్టు అయిందట. టోపీతో మళ్లీ నింపబోతే ఇంకా గుంటలు పడతాయి. నడిచి నడిచి చదును చేసుకోవాల్సిందే.

నడిపించింది తబస్సుం. రోజూ నాలుగింటికి క్యాంటీను వెనక వరండాలో కూర్చునేవాళ్లు. గింజలు, బొగ్గుముక్క, ఒక బకెట్టు. పదకొండు నిమిషాల్లో తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడానికి ఆ పిల్లకు నాలుగు నెలలు పట్టింది. ఒక్కొక్కసారి అక్క చిరాకుపడి గింజలు విసిరేసేది. తబస్సుం ఏరుకొచ్చి, విసిరితే ఏం పడ్డదో కూడా రాసుకునేది. ఆ పిల్ల తలలో మాత్రం ఏదీ తగ్గలేదు. చేత్తో నేర్పితే నేర్పేవాళ్లకు అరగదు, ఇంకాస్త గట్టిపడుతుంది. లక్ష ఏళ్లుగా తెలిసిన ఈ సంగతి కనిపెట్టడానికి మాకు ఒక యంత్రం కావలసి వచ్చింది.

ఒకరోజు షెడ్డుకు ఫోను వచ్చింది. తబస్సుం. పెద్దమ్మ నన్ను తిట్టిందన్నా అంది, ఏడుస్తూ నవ్వుతూ. ఆటలో వరసగా ఎనిమిదులు పడుతుంటే ఈసారి పడదులే అని పొరపాటున నోరు జారిందట. గింజలకు యాది ఉంటదా పిచ్చిదానా అని అక్క తిట్టిందట. నేను చేతిలో ఉన్న వైరు కిందపెట్టి, ఆటో వెనక సీట్లో కాసేపు ఊరికే కూర్చున్నాను.

పద్నాలుగులో పదకొండు తిరిగొచ్చాయి. విపర్యయం దగ్గర, వాక్యాన్ని తిరగేసి చెబితే నిజమవుతుందా కాదా అన్నచోట, ఇప్పటికీ తడబడుతుంది. ఇంకో రెండు ఏవో ఆమెకే గుర్తు లేవు. పర్వాలేదు, తబస్సుంకు గుర్తున్నాయి.

మళ్లీ కాంట్రాక్టరు మీటింగు వచ్చింది. ఆయన ధైర్యంగా అదే కాగితం చదివాడు. సగటున నాలుగు గదులు. చదివి, కొమురమ్మ పోయినసారి ఒప్పుకున్నదని గుర్తు చేశాడు. అక్క లేచి, లిస్టులో ఉన్న ఇరవై ఒక్క మందినీ పిలిపించమంది. గంట సేపు ఫోన్లు తిరిగాయి. తొమ్మిది మంది సూపర్‌వైజర్లు వచ్చారు. వాళ్లలో ఇద్దరు ఆ భవనం చూడటం అదే మొదటిసారి, ద్వారం ఎటో అడిగి వచ్చారు. ఎన్ని గదులు ఊడుస్తారో దాని ప్రకారం అందరినీ తక్కువ నుంచి ఎక్కువకు వరసలో నిలబెట్టింది అక్క. తొమ్మిది మంది మగవాళ్లు ముందు. వాళ్ల వెనక ఐదు గదుల ఎల్లవ్వ. ఆ వెనక ఆరు గదులవాళ్లు, ఏడు, ఎనిమిది, చివర తొమ్మిది గదుల సమ్మక్క. అటు నుంచి పది, ఇటు నుంచి పది వదిలేసి నడిమి మనిషి భుజం మీద చేయి వేసి ఎన్ని అని అడిగింది. ఆరు, అంది ఆమె.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. మధ్యగతం తిరిగొచ్చింది, నాకు అది చాలు. కాని అక్క వరసనే చూస్తూ నిలబడింది. ఏదో తడుతున్నదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఎవరూ నేర్పనిది, ఎవరికీ ఇవ్వనిది.

"సారూ, ఇందాక సగటు జెప్పిండ్రు. బాహుళకం గూడ జెప్పుండ్రి," అంది. కాంట్రాక్టరుకు అర్థం కాలేదు. అక్క వరస మొదటికి నడిచి, తొమ్మిది మంది ముందూ ఒక్కొక్క వేలు మడుస్తూ వచ్చింది. "ఈ లిస్టుల అందరికన్న ఎక్కువ మంది ఊడిసే గదులు ఎన్నో తెలుసా? సున్న."

ముందుగా నవ్వింది సమ్మక్క. తర్వాత పన్నెండు మందీ. కాంట్రాక్టరు ఆ కాగితం మడవబోయాడు. అక్కతో పాటు మీటింగుకు వచ్చిన తబస్సుం పక్కనుంచి చేయి చాచి, ఇటివ్వండి సార్, మళ్లీ రాద్దాం అంది.